చక్కెర బదులు తీపి మాత్రలు: ఆకలి పెరుగుతుందా, బరువు తగ్గుతుందా?

ఈసారి వచ్చిన ఉత్తరాలలో కృత్రిమ తీపి పదార్థాల గురించి అడిగినవే ఎక్కువ. మానేయాలా అని కొందరు, మొదలుపెట్టవచ్చా అని కొందరు అడిగారు. అందువల్ల శీర్షికనంతా ఆ ఒక్క విషయానికే కేటాయించి, ఐదు ఉత్తరాలకు జవాబిస్తున్నాను.

ప్రశ్న: నా వయసు 46. ఏడాదిన్నరగా కాఫీ, టీలలో చక్కెర మానేసి, కప్పుకు రెండేసి తీపి మాత్రలు వేసుకుంటున్నాను. రోజుకు నాలుగు కప్పులు తాగుతాను. బరువు మాత్రం 74 కిలోల దగ్గరే ఉండిపోయింది, ఒక్క కిలో కూడా దిగలేదు. ఈ మాత్రలు ఆకలిని పెంచుతాయనీ, వీటివల్లనే ఒళ్ళు వస్తుందనీ మా ఆడపడుచు అంటోంది. నిజమేనా? మానేయమంటారా?
— ఒక గృహిణి, తెనాలి

జవాబు: మీ ఆడపడుచుగారి మాటకు దాదాపు నలభై ఏళ్ళ చరిత్ర ఉంది. 1986లో జాన్ బ్లండెల్, ఆండ్రూ హిల్ అనే బ్రిటిష్ పరిశోధకులు లాన్సెట్ పత్రికలో ఒక చిన్న లేఖ ప్రచురించారు. గ్లూకోజు కలిపిన నీళ్ళు తాగినవారికి ఆకలి కొంత చల్లారగా, అస్పర్టేమ్ అనే కృత్రిమ తీపి కలిపిన నీళ్ళు తాగినవారికి తినాలనే కోరిక మరింత పెరిగినట్లు తాము గమనించామన్నది ఆ లేఖ సారాంశం. ఆ తరువాత 2008లో అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన సుసాన్ స్విదర్స్, టెర్రీ డేవిడ్‌సన్ ఎలుకలపై చేసిన ప్రయోగం ఈ అనుమానానికి బలం చేకూర్చింది. గ్లూకోజు కలిపిన పెరుగు తిన్న ఎలుకల కంటే శాకరిన్ అనే మరో కృత్రిమ తీపి కలిపిన పెరుగు తిన్న ఎలుకలు ఎక్కువ మేత తిని, ఎక్కువ బరువు పెరిగాయి. నాలుకకు తీపి తగిలినప్పుడల్లా వెనుక శక్తి కూడా వస్తుందని శరీరం నేర్చుకుని ఉంటుందనీ, తీపి వచ్చి శక్తి రాకపోవడం పదేపదే జరిగితే ఆ లెక్క తప్పి, ఎంత తిన్నామో కొలుచుకునే నేర్పు మొద్దుబారుతుందనీ వారి వాదన. వినడానికి ఇది సబబుగానే ఉంటుంది కనుక పత్రికలలోనూ, ఇళ్ళలోనూ స్థిరపడిపోయింది.

అయితే మనుషుల విషయంలో ఒక ప్రశ్న వేసుకోకుండా ఈ వాదనను తూచలేము. ఆకలి పెరిగిందంటే దేనితో పోలిస్తే పెరిగింది? ఈ విషయాన్ని బాగా తేటపరచినది 2025లో నేచర్ మెటబాలిజం పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం. సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు 75 మందికి వేర్వేరు రోజులలో సుక్రలోజ్ అనే కృత్రిమ తీపి కలిపిన నీళ్ళు, అంతే తీపి ఉన్న చక్కెర నీళ్ళు, మామూలు మంచినీళ్ళు ఇచ్చి, ప్రతిసారీ మెదడును స్కాన్ చేశారు. చక్కెర నీళ్ళతో పోలిస్తే, సుక్రలోజ్ తాగినప్పుడు ఆకలిని నియంత్రించే హైపోథాలమస్ అనే భాగానికి రక్తప్రసరణ పెరిగింది, ఆకలి కూడా ఎక్కువగా ఉన్నట్లు వారు చెప్పారు. మంచినీళ్ళతో పోల్చినప్పుడు మాత్రం, మెదడులో ఆ మార్పు కనిపించినా, వారు చెప్పిన ఆకలిలో తేడా లేదు. అంటే చక్కెర కొంత ఆకలి తీరుస్తుంది, ఎందుకంటే అది ఆహారమే. సుక్రలోజ్ ఆ పని చేయదు. నీళ్ళూ చేయవు. ఈ వార్తను చాలా పత్రికలు ‘మెదడును మోసగించే తీపి’ వంటి శీర్షికలతో వేసి, మంచినీళ్ళ సంగతిని చివరి పేరాలోకి నెట్టేశాయి.

ఇక మీ బరువు సంగతి. చక్కెర కాలంలో కప్పుకు రెండు చెంచాలు, అంటే ఎనిమిది నుంచి పది గ్రాముల దాకా వేసుకునేవారనుకుందాం. నాలుగు కప్పులకు 35 గ్రాముల చిల్లర, దాదాపు 140 కెలోరీలు. మీరు మానుకున్నది అంతే. ఒక గుప్పెడు కారప్పూస తింటే ఆ 140 తిరిగి వచ్చేస్తుంది. ‘చక్కెర మానేశాను కదా’ అన్న ధీమాతో సాయంత్రం చేయి డబ్బా వైపు వెళ్ళడం మనుషులందరికీ ఉన్న అలవాటే. దాన్ని మాత్ర తెచ్చిన ఆకలి అనడం కంటే మనసు తనకు తాను ఇచ్చుకున్న అనుమతి అనడం సరైనది. మీరలా చేస్తున్నారని నేను అనడం లేదు, ఒక వారం పాటు గమనించుకోమంటున్నాను.

మరొక లెక్క ఉంది, దాన్ని ఎవరూ అడగరు. మీ కప్పులో పాలెన్ని? చిక్కటి పాలు, అంటే ఆరు శాతం వెన్న ఉన్న ఫుల్ క్రీమ్ పాలు, కప్పుకు 100 మిల్లీలీటర్లు పోసుకుంటే ఒక్కొక్క కప్పులో 85 కెలోరీలకు పైగా పాల నుంచే వస్తాయి. నాలుగు కప్పులకు 340 దాటుతుంది. మీరు తీసివేసిన చక్కెర కంటే ఇది రెండింతలకు మించిన మొత్తం. పాలు మంచి ఆహారమే, మానమని చెప్పను, కానీ మూడు శాతం వెన్న ఉండే టోన్డ్ పాలకు మారితే, మాత్రలు చేసిన మేలుకు దాదాపు సమానమైన మేలు మరొకటి కలుస్తుంది.

బరువు దిగలేదని మీరు నిరుత్సాహపడుతున్నారు గానీ, నలభై దాటిన తరువాత చాలామంది ఏడాదికి కొంత చొప్పున పెరుగుతూ పోతారు. ఏడాదిన్నరగా ముల్లు కదలకపోవడం మాత్రలవల్ల జరిగిన నష్టానికి గుర్తు ఎంతమాత్రం కాదు, బహుశా లాభమే కావచ్చు. మోతాదు గురించి కూడా భయం అక్కరలేదు. మీవి అస్పర్టేమ్ మాత్రలైతే, ఒక్కొక్కదానిలో అది సాధారణంగా 18 మిల్లీగ్రాములు ఉంటుంది. రోజుకు ఎనిమిది మాత్రలంటే 144 మిల్లీగ్రాములు. శరీర బరువులో కిలోకు 40 మిల్లీగ్రాముల వరకు రోజూ తీసుకోవచ్చునని ఆహార సంకలితాల అంతర్జాతీయ నిపుణుల సంఘం 2023లో మరోసారి నిర్ధారించింది. మీ బరువుకు అది 2,960 మిల్లీగ్రాములు అవుతుంది.

కనుక బరువు భయంతో మానవలసిన పని లేదు. మానాలనే కోరిక ఉంటే మాత్రం చక్కెరకు తిరిగి వెళ్ళకండి. కప్పుకు రెండు మాత్రలను ఒకటికి, కొన్ని వారాల తరువాత సగానికి తగ్గించి చూడండి. నాలుక తొందరగానే సర్దుకుంటుంది. చక్కెర లేని కాఫీకి అలవాటుపడినవారికి పెళ్ళిళ్ళలో ఇచ్చే కాఫీ పానకంలా తోస్తుంది.

ప్రశ్న: నాకు 29 ఏళ్ళు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రోజుకు రెండు మూడు డైట్ కోలా క్యాన్లు తాగుతాను. ఇటువంటి తీపి పదార్థాలు బరువు తగ్గించవని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందని చదివాను. తగ్గిస్తాయని చెప్పే అధ్యయనాలు కూడా చూశాను. ఎవరిని నమ్మాలి?
— ఒక పాఠకుడు, మాదాపూర్, హైదరాబాద్

జవాబు: ఇద్దరూ తమ తమ లెక్కలలో నిజమే చెబుతున్నారు. అధ్యయనాలు రెండు రకాలు. మొదటి రకంలో వేలమందిని ఏళ్ళ తరబడి గమనిస్తారు. వాటిలో డైట్ పానీయాలు తాగేవారికే స్థూలకాయం, మధుమేహం ఎక్కువగా కనిపిస్తాయి. అయితే డైట్ పానీయం వైపు ముందుగా మళ్ళేది ఎవరు? అప్పటికే బరువు పెరుగుతున్నవారు, ఇంట్లో షుగరు వ్యాధి ఉన్నవారు, డాక్టరు హెచ్చరించినవారు. ఆసుపత్రి చుట్టుపక్కల రోగులు ఎక్కువగా కనిపిస్తారు కనుక రోగాలకు ఆసుపత్రే కారణమని తేల్చడం వంటి పొరపాటుకు ఇక్కడ చోటుంది. పరిశోధకులు ఆ పొరపాటును లెక్కలతో సరిచేయడానికి ప్రయత్నిస్తారు గానీ పూర్తిగా సరిచేయలేరు.

రెండవ రకం ప్రయోగాలలో, ఎవరికి ఏది ఇవ్వాలో చీటీ వేసినట్లు నిర్ణయిస్తారు. వీటిలో నేను ఎక్కువగా నమ్మేది నెదర్లాండ్స్ పిల్లలపై జరిగి, 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చినది. దాదాపు ఐదేళ్ళ నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలు 641 మందిని తీసుకుని, పద్దెనిమిది నెలల పాటు రోజూ 250 మిల్లీలీటర్ల పానీయం ఇచ్చారు. సగం మందికి చక్కెరది, సగం మందికి కృత్రిమ తీపిది. ఏ డబ్బాలో ఏముందో పిల్లలకు గానీ, ఇచ్చేవారికి గానీ తెలియదు. ఎదిగే పిల్లలు కనుక అందరూ బరువు పెరిగారు. చక్కెర తాగినవారు సగటున 7.37 కిలోలు, కృత్రిమ తీపి తాగినవారు 6.35 కిలోలు పెరిగారు. కృత్రిమ తీపి ఆకలిని రెచ్చగొట్టి, మిగిలిన కెలోరీలను మరో దారిలో తినిపించేదే అయితే, ఈ కిలో తేడా పద్దెనిమిది నెలలు నిలిచేది కాదు.

కానీ మీ ప్రశ్నకు మరో సగం ఉంది. మీరు డైట్ కోలాను మామూలు కోలాకు బదులుగా తాగుతున్నారా, మంచినీళ్ళకు బదులుగా తాగుతున్నారా? మొదటిదైతే లాభం స్పష్టం. మామూలు కోలా 330 మిల్లీలీటర్ల క్యానులో 35 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది, రెండు మూడు క్యాన్లంటే అది చిన్న విషయం కాదు. పైగా ద్రవరూపంలో వచ్చే కెలోరీలను మన ఆకలి సరిగా లెక్కపెట్టుకోదు. 2000 సంవత్సరంలో పర్‌డ్యూలోనే జరిగిన ఒక చిన్న ప్రయోగంలో పదిహేను మందికి ఒక నెల రోజూ 450 కెలోరీల జెల్లీ మిఠాయి, మరో నెల అన్నే కెలోరీల చక్కెర పానీయం ఇచ్చారు. మిఠాయి నమిలిన నెలలో వారు మిగతా తిండిని తమకు తెలియకుండానే అంతమేరకు తగ్గించుకున్నారు. పానీయం తాగిన నెలలో తగ్గించుకోలేదు, బరువు పెరిగారు. అందువల్ల తాగే చక్కెరను ఏ రూపంలో తీసివేసినా శరీరం దాన్ని పూర్తిగా పూడ్చుకోవాలని చూడదు.

మంచినీళ్ళతో పోటీ పెట్టినప్పుడే ఫలితాలు కలవవు. అమెరికాలో 303 మందిపై జరిగిన ప్రయోగంలో, ఏడాది గడిచేసరికి, డైట్ పానీయాలు తాగినవారు సగటున 6.21 కిలోలు, నీళ్ళు తాగినవారు 2.45 కిలోలు తగ్గారు. దానికి డబ్బు ఇచ్చింది శీతల పానీయాల తయారీదారుల సంఘం. డబ్బు ఇచ్చినంత మాత్రాన ఫలితం అబద్ధం కానక్కరలేదు గానీ, చదివేటప్పుడు ఆ సంగతి పక్కన పెట్టుకుని చదవాలి. ఇరాన్‌లో డైట్ పానీయాలకు అలవాటుపడిన స్త్రీలపై 24 వారాలు జరిగిన ప్రయోగంలో, మధ్యాహ్న భోజనం తరువాత నీళ్ళకు మారినవారు 8.8 కిలోలు, డైట్ పానీయం కొనసాగించినవారు 7.6 కిలోలు తగ్గారు. రెండు చోట్లా అందరూ బరువు తగ్గించే కార్యక్రమంలో ఉన్నవారే, తిండిని అదుపులో పెట్టుకున్నవారే. తగ్గుదలలో పెద్ద వాటా దానిదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే నెలలో చేసిన సూచనను ఈ నేపథ్యంలో చూడాలి. బరువును అదుపు చేసే సాధనంగా ఈ తీపి పదార్థాలను వాడవద్దన్నది ఆ సూచన. వారు కూడదీసిన చీటీ ప్రయోగాలన్నిటిలోనూ కలిపి సగటున 0.71 కిలోల తగ్గుదల కనిపించింది. ఆ ప్రయోగాలలో చాలా వరకు కొద్ది నెలలవే. దీర్ఘకాలిక గమనింపులలో వ్యతిరేక సూచనలు కనిపించాయి కనుక, ఆ కొద్దిపాటి లాభం కోసం సిఫారసు చేయడం తగదని వారు తలచారు. వారే దాన్ని షరతులతో కూడిన సూచన అని పేర్కొన్నారు. నా ఉద్దేశంలో ఆ సూచనను ‘బరువు పెంచుతాయి’ అని చదవడం తప్పు, ‘వీటిమీద ఆశ పెట్టుకోకండి’ అని చదవడం ఒప్పు.

మీకు నా సలహా: మామూలు కోలా మానడానికే డైట్ కోలా పట్టుకుని ఉంటే తాగండి, ఒక క్యానుకు దిగి, మిగిలిన దప్పికను నీళ్ళతో, ఉప్పు వేసిన పలుచటి మజ్జిగతో తీర్చుకోండి. దానితో పాటు రాత్రి పదకొండింటికి ఫోనులో తెప్పించుకునే బిరియానీ ఉంటే, కోలా గురించి ఈ చర్చంతా పక్కదారి పట్టినట్లే.

ప్రశ్న: పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి, వయసు 62, తొమ్మిదేళ్ళుగా మధుమేహం. టీలో తీపి మాత్ర వేసుకోవచ్చునని మా డాక్టరు అన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన చూశాక సందేహం కలిగింది. అలాగే మిఠాయి దుకాణాల్లో అమ్మే ‘షుగర్ ఫ్రీ’ స్వీట్లు తినవచ్చునా? ఇంట్లో పాయసానికి ఈ మాత్రలు పనికివస్తాయా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మాస్టారూ, ఆ సూచన ఇదివరకే మధుమేహం ఉన్నవారికి వర్తించదని అదే పత్రంలో స్పష్టంగా రాశారు. మీ డాక్టరుగారి మాటే మీకు ప్రమాణం. మనవంటి వారిపైనే, మన టీ కాఫీల మీదనే జరిగిన ఒక ప్రయోగం కూడా ఉంది. చెన్నైలో డాక్టర్ వి. మోహన్ నాయకత్వంలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వారు 2024లో దాని ఫలితాలు ప్రకటించారు. టైప్ 2 మధుమేహం ఉన్న 179 మందిలో ఒక వర్గం పన్నెండు వారాల పాటు టీ కాఫీలలో చక్కెర బదులు సుక్రలోజ్ వాడింది, రెండవ వర్గం చక్కెరే కొనసాగించింది. మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీలో చెప్పుకోదగిన తేడా రాలేదు. సుక్రలోజ్ వాడినవారి బరువు 0.3 కిలోలు, నడుము చుట్టుకొలత 0.9 సెంటీమీటర్లు తగ్గాయి. ఇది గొప్ప మార్పు కాదు, కానీ కీడు లేదని తెలిసింది, రోజుకు ఒకటి రెండు చెంచాల చక్కెర తీసివేస్తే ఇంతకంటే ఆశించడం కూడా అన్యాయమే.

మిఠాయి దుకాణం సంగతి వేరు. పాలకోవాలో పాలు, మైసూరుపాకులో నెయ్యి, శనగపిండి, కజ్జికాయలో మైదా, నూనె ఎక్కడికీ పోవు. గ్రాము చక్కెరకు నాలుగు కెలోరీలైతే, గ్రాము నేతికి తొమ్మిది. పైగా చక్కెర తీసేస్తే మిఠాయికి ముద్ద తగ్గుతుంది కనుక ఆ స్థానంలో మాల్టిటాల్ వంటివి కలుపుతారు. అది కృత్రిమ తీపిలా శూన్య కెలోరీల పదార్థం కాదు, గ్రాముకు రెండు కెలోరీల పైచిలుకు ఇస్తుంది, రక్తంలో చక్కెరను కొంత పెంచుతుంది, ఎక్కువ తింటే కడుపు ఉబ్బి విరేచనాలవుతాయి. ‘షుగర్ ఫ్రీ’ అన్న రెండు మాటలను చూసి ఒకటికి బదులు మూడు తినేవారిని నేను ప్రతి పండుగకూ చూస్తూనే ఉన్నాను. పండుగనాడు బెల్లంతో చేసిన అసలు అరిసె సగం తిని, ఆ పూట అన్నం తగ్గించుకోవడం మీకు మేలు, రుచికి కూడా మేలే.

పాయసానికి అస్పర్టేమ్ మాత్రలు పనికిరావు. ఎక్కువసేపు మరిగితే అది విడిపోయి తీపి పోతుంది. అవే వేయాలనుకుంటే పొయ్యి మీంచి దించి, కొంచెం చల్లారాక కలుపుకోవాలి. సుక్రలోజ్ వేడికి తట్టుకుంటుంది కనుక పాయసంలో వేయవచ్చు. ఇది చక్కెరకు దాదాపు 600 రెట్లు తీపి. 1976లో లండన్‌లో పరిశోధన చేస్తున్న శశికాంత్ ఫడ్నిస్ అనే భారతీయ విద్యార్థి, ఆ పొడిని ‘టెస్ట్’ చేయమని గురువు చెబితే ‘టేస్ట్’ చేయమన్నారనుకుని నాలుకపై వేసుకోవడంతో దాని తీపి బయటపడిందని చెబుతారు.

ప్రశ్న: మేము టెక్సాస్‌లో ఉంటాము. మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు, వయసుకు మించిన బరువు ఉన్నాడు. బడిలోనూ, పుట్టినరోజు వేడుకల్లోనూ సోడాలు తాగడం ఆపలేకపోతున్నాము. ఇంట్లో ‘జీరో షుగర్’ పానీయాలు పెట్టడం మంచిదేనా?
— ఒక తల్లి, డాలస్

జవాబు: పైన చెప్పిన నెదర్లాండ్స్ ప్రయోగం మీ అబ్బాయి వయసు పిల్లల మీదనే జరిగింది. చక్కెర సోడా తప్పనప్పుడు దాని స్థానంలో చక్కెర లేనిది ఇస్తే బరువు విషయంలో మేలే. అయినా పిల్లలు ఈ పానీయాలను దీర్ఘకాలం తాగకుండా చూడడమే వివేకమని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2018లో సలహా ఇచ్చింది. చిన్న వయసులో నాలుక దేనికి అలవాటుపడితే పెద్దయ్యాక దాన్నే వెతుకుతుందన్న సందేహం నాకూ ఉంది. వేడుకల్లో అతనికి నచ్చింది తాగనివ్వండి, ఇంటి ఫ్రిజ్‌లో మాత్రం నీళ్ళు, పాలు, మజ్జిగ తప్ప మరేమీ లేకుండా చూడండి. పెద్దవాళ్ళ డైట్ సోడాలు కూడా అందులో ఉండకూడదు.

ప్రశ్న: కృత్రిమమైనవి మానేసి స్టీవియా ఆకు పొడి, తాటిబెల్లం లేదా తేనె వాడితే బరువు తగ్గుతామా? అలాగే శాకరిన్, సుక్రలోజ్ అన్నీ ఒకటేనా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: స్టీవియాను మిగిలిన రెండింటితో కలిపి అడిగారు గానీ, దాని కుటుంబం వేరు. దాని సారం చక్కెరకు 200 రెట్లకు పైగా తీపి, కెలోరీలు లేవనే చెప్పాలి. మొక్క నుంచి వచ్చింది కనుక బరువు విషయంలో ప్రత్యేక గౌరవమేమీ దక్కలేదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన దానికీ వర్తిస్తుంది. తాటిబెల్లం, తేనె మాత్రం దాదాపు చక్కెరే. తేనెలో నీరు కలిసి ఉండడం వల్ల గ్రాముకు కొంచెం తక్కువ కెలోరీలు ఉంటాయి, కానీ చెంచాలో అది చక్కెర కంటే బరువుగా తూగుతుంది కనుక ఆ లాభం అక్కడే పోతుంది.

అన్నీ ఒకటేనా అన్న మీ రెండవ ప్రశ్న మంచిది, పరిశోధకులు కూడా ఆలస్యంగా వేసుకున్నది. 2019లో పర్‌డ్యూ వారే బరువు ఎక్కువగా ఉన్న 154 మందికి పన్నెండు వారాల పాటు ఒక్కొక్క వర్గానికి ఒక్కొక్క తీపితో పానీయం ఇచ్చారు. మామూలు చక్కెర తాగినవారు 1.85 కిలోలు, శాకరిన్ తాగినవారు 1.18 కిలోలు పెరిగారు. అస్పర్టేమ్, స్టీవియా సారం తాగినవారిలో చెప్పుకోదగిన మార్పు లేదు. సుక్రలోజ్ తాగినవారు 0.78 కిలోలు తగ్గారు. నాలుక మీద అన్నిటికీ ఒకే పేరు ఉన్నా, ఒంట్లో వాటి దారులు వేరు. అస్పర్టేమ్ పేగులలోనే విడిపోతుంది, శాకరిన్ రక్తంలోకి చేరి మూత్రంలో పోతుంది, సుక్రలోజ్ చాలా వరకు జీర్ణం కాకుండా బయటికి వెళుతుంది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ వారు 2022లో 120 మందిపై చేసిన ప్రయోగంలో, శాకరిన్, సుక్రలోజ్ రెండు వారాలు వాడినవారికి గ్లూకోజు తాగిన తరువాత రక్తంలో చక్కెర మునుపటి కంటే ఎక్కువగా పెరిగింది. అందరిలోనూ ఒకే విధంగా పెరగలేదు, ఆ తేడా ఒక్కొక్కరి పేగులలోని సూక్ష్మజీవులను బట్టి ఉందని వారు చూపారు. ఒకే ప్రయోగాన్ని బట్టి శాకరిన్‌ను దోషిగా నిలబెట్టడం తొందరపాటు అవుతుంది గానీ, డబ్బీ కొనేముందు వెనుక ఉన్న చిన్న అక్షరాలలో ఏ తీపి రాశారో చదవండి. పొట్లాలలో వచ్చే పొడి అయితే, చెంచాకు అందేటంత పరిమాణం రావడానికి మాల్టోడెక్స్‌ట్రిన్ వంటి పిండి పదార్థం కలుపుతారు, ఒక్కొక్క పొట్లంలో నాలుగు కెలోరీల దాకా ఉండవచ్చు. కాఫీకి అది లెక్కలోది కాదు, గిన్నెడు హల్వాకు పొట్లాల మీద పొట్లాలు చింపి పోస్తే లెక్కలోకి వస్తుంది.